రోజూ అదే సమీకరణం

లుకొండె సార్ భార్య ప్రిస్కా చలికాలం నడిమధ్యలో పోయింది. మా రాగి గనుల ఊరు ముఫులిరాలో చలికాలమంటే జూన్, జూలై నెలలే. ఆ రోజుల్లో పొద్దునపూట రాగి కరిగించే స్మెల్టర్ పొగ పైకి లేవదు. ఇళ్ళ రేకుల మీదే కూర్చుని, గంధకం ఘాటుతో కళ్ళు మండిస్తుంది. దాన్ని మేం సెంటా అంటాం. ప్రిస్కాకి ఒళ్ళు వెచ్చబడితే అందరూ పడిశం పట్టిందనుకున్నారు. తీరా చూస్తే మలేరియా తలకెక్కింది. ఆ వారం దాటలేదు.

ఆమె మాకందరికీ తెలుసు. మా బడి గేటు పక్కన బొగ్గుల కుంపటి పెట్టుకుని గోధుమపిండి బోండాలు వేసి అమ్మేది. పన్నెండో తరగతివాళ్ళకి పెద్దవి ఏరి ఇచ్చేది. "మీకు బుర్రతో పని ఎక్కువ, తినండి" అనేది. ఆమె చదివింది ఏడో తరగతి వరకే. పిల్లలు లేరు. మేం గేటు దాటుతుంటే "ఇవాళ మా ఆయన మిమ్మల్ని ఏమని తిట్టాడు?" అని నవ్వుతూ అడిగేది.

నేను ఆ క్లాసు మానిటర్ని. పేరు లుషోమో. మాది టోంగా జాతి. నాన్న గనిలో పనికని దక్షిణాది నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. సార్ మాకు కెమిస్ట్రీ చెప్పేవాడు.

చావింటికి క్లాసంతా వెళ్ళాం. లోపలి గదిలో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఏడుస్తున్నారు. బయట మగవాళ్ళు మంట చుట్టూ కూర్చున్నారు. వాళ్ళ మధ్య సార్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు. ఏడవలేదు. మేం పాట పాడితే తల ఊపాడు.

అప్పుడు జెలిపా వాళ్ళమ్మ వచ్చింది. జెలిపా జేరె నా పక్క బెంచీలో కూర్చునేది, నా స్నేహితురాలు. వాళ్ళు న్గోనిలు. సార్ బెంబా. ఆ రెండు జాతులకీ ఎకసెక్కాల వరస. ముత్తాతల కాలంలో యుద్ధాలు చేసుకుని, ఇక చాలనుకుని, ఈటెలకి బదులు మాటలు విసురుకోవడం మొదలుపెట్టారు. న్గోనిలు బెంబావాళ్ళని కోతులు తినేవాళ్ళంటారు. బెంబావాళ్ళు న్గోనిలని ఎలుకలు తినేవాళ్ళంటారు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. చావింట్లో అయితే ఆ వరసవాళ్ళు వచ్చి ఏడ్చేవాళ్ళని నవ్వించి తీరాలి.

ఆవిడ మొగుడి కోటు వేసుకుని, మొగుడి టోపీ పెట్టుకొచ్చింది. వచ్చీ రాగానే సార్ ముందు నేలమీద చతికిలబడి గుండెలు బాదుకుంది.

"ఓరి కోతిమాంసం తినేవాడా! నా మరదల్ని ఎక్కడ దాచావురా? లేపు దాన్ని. అక్కడ గేటు దగ్గర నూనె కాగిపోతోంది, జనం పళ్ళాలు పట్టుకుని నిలబడ్డారు. నువ్వు వేస్తావా బోండాలు? నీ చేతి బోండా తింటే బతికున్నవాడు కూడా ఇక్కడికే వస్తాడు!"

ఆడవాళ్ళు ఏడుస్తూనే ఫక్కున నవ్వారు. మగవాళ్ళు నవ్వారు. అందరూ సార్ వైపు చూశారు. ఆయన ఇప్పుడు ఎలుకల సంగతి ఎత్తాలి, ఆవిడ దానికి రెచ్చిపోవాలి. అదీ పద్ధతి. ఆయన లేచి నిలబడి, ఆవిడకి చెయ్యందించి లేపాడు.

"వచ్చినందుకు థాంక్స్ అమ్మా" అన్నాడు, ఎవరో కొత్త మనిషితో అన్నట్టు.

ఆవిడ టోపీ తీసి చేత్తో పట్టుకుంది. ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చే దారిలో జెలిపా నాతో, "మా అమ్మ ఇలా ఓడిపోవడం ఎప్పుడూ చూళ్ళేదు" అంది.

సార్ ఇంకా చాలా రోజులు సెలవులో ఉంటాడనుకున్నాం. కానీ చుట్టాలు వెళ్ళిపోగానే బడికొచ్చేశాడు. ఉతికిన చొక్కా, అదే గోధుమరంగు కోటు, చేతిలో సుద్దముక్కల డబ్బా. డిప్యూటీ హెడ్ సియామే మేడమ్ ముందే మాకు చెప్పింది: "ఆ విషయం ఎవరూ ఎత్తకండి. మామూలుగా ఉండండి." మేం లేచి నిలబడి మామూలుగా గుడ్ మార్నింగ్ చెప్పాం. ఆయన మామూలుగా కూర్చోమన్నాడు. బోర్డు మీద పాఠం పేరు రాసి కింద గీత గీశాడు. బహుపరమాణుక అయాన్లున్న సమీకరణాలను తుల్యం చేయడం.

ఆ కింద సమీకరణం రాశాడు.

Al + CuSO₄ → Al₂(SO₄)₃ + Cu

"ఎవరొచ్చి తుల్యం చేస్తారు?"

బెనర్డ్ ముసుక్వా వెళ్ళాడు. మా క్లాసులో అందరికంటే బాగా చదివేవాడు. అయినా ఆ రోజు తప్పు చేశాడు. గంధకం వేరుగా, ఆక్సిజన్ వేరుగా లెక్కపెట్టాడు. బ్రాకెట్ బయట ఉన్న మూడుని ఆక్సిజన్‌కి మాత్రమే వర్తింపజేశాడు. గంధకం ఇటూ అటూ ఒకటే ఉందనుకుని దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఆక్సిజన్ సరిచేయబోతే గంధకం తేడా వచ్చింది, గంధకం సరిచేస్తే ఇంకోటి. తల గోక్కుంటూ నిలబడిపోయాడు.

"విడగొట్టకు నాయనా" అన్నాడు సార్. "సల్ఫేట్‌ని ఎవరు విడగొట్టమన్నారు నిన్ను? అది ఒకటిగా వచ్చింది, ఒకటిగానే వెళ్తుంది. ఇల్లు మారే ఆడమనిషి ఉందనుకో. వెంట నలుగురు పిల్లలు. తలకాయలు లెక్కపెడతామా? ఒక కుటుంబం అంటాం. ఇటువైపు ఎన్ని కుటుంబాలు? ఒకటి. అటువైపు? మూడు. అయితే ఇటు కూడా మూడు ఉండాలి. కాపర్ సల్ఫేట్ ముందు మూడు పెట్టు. అప్పుడు రాగి మూడైంది, అటు రాగి ముందు మూడు పెట్టు. అల్యూమినియం ముందు రెండు. అయిపోయింది." సుద్దముక్క డబ్బాలో వేసి, చేతులు దులుపుకుని, "పిల్లల్లో ఒకణ్ణి దారిలో మర్చిపోతే తప్ప ఈ లెక్క తప్పదు. మా అమ్మ నన్ను ఎన్డోలా స్టేషన్లో మర్చిపోయింది. అప్పట్నించీ నేను విడి ఆక్సిజన్ని" అన్నాడు.

మేం నవ్వాం. నిజంగానే నవ్వొచ్చింది. మనిషి బాగానే ఉన్నాడని ఊపిరి పీల్చుకున్నాం. పాఠం కూడా చక్కగా అర్థమైంది.

మర్నాడు సార్ వచ్చి బోర్డు మీద అదే పేరు రాశాడు. కింద గీత గీశాడు. అదే అల్యూమినియం, అదే కాపర్ సల్ఫేట్.

నిన్నటిది ఒకసారి గుర్తుచేసి ముందుకెళ్తాడనుకున్నాను. "ఎవరొచ్చి తుల్యం చేస్తారు?" అని అడిగాడు. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి వెళ్ళి చకచకా మూడు, మూడు, రెండు వేసేశాడు. సార్ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. సరిగ్గా ఉందని అనలేదు, లేదనీ అనలేదు. చెయ్యి గాల్లో ఆగిపోయింది. తలుపు తాళం తీద్దామని జేబులో చెయ్యి పెడితే తాళంచెవి లేనివాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది మొహం. చివరికి అంతా తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి రాశాడు.

"ఎవరొచ్చి తుల్యం చేస్తారు?"

జెలిపా లేచి వెళ్ళింది. గంధకం వేరుగా, ఆక్సిజన్ వేరుగా లెక్కపెట్టింది. బెనర్డ్ నిన్న చేసిన తప్పే ఉన్నదున్నట్టు చేసింది.

"విడగొట్టకు తల్లీ" అన్నాడు సార్. ఆయన భుజాలు కిందికి దిగాయి. "సల్ఫేట్‌ని ఎవరు విడగొట్టమన్నారు నిన్ను?" ఇక అక్కడ్నించి మాట తర్వాత మాట వచ్చింది. ఆడమనిషి, నలుగురు పిల్లలు, ఎన్డోలా స్టేషన్. అక్కడికొచ్చి ఆగాడు. ఎవరికీ నవ్వు రాలేదు. జెలిపా బోర్డు దగ్గరే నిలబడి పెద్దగా నవ్వింది. వెంటనే మేమందరం నవ్వాం.

మూడోరోజు కూడా అంతే. ఆ తర్వాత వంతులు వేసుకున్నాం. ఇవాళ ఎవరు తప్పు చేయాలి, రేపు ఎవరు చేయాలి. నవ్వడం మాత్రం అందరి పనీ. కూర్చుని మాట్లాడుకున్నది లేదు. మధ్యాహ్నం వరండాలో జెలిపా "రేపు నువ్వు" అంటే, అవతలివాళ్ళు "సరే" అనేవాళ్ళు.

నా వంతు వచ్చిన రోజు బాగా గుర్తుంది. బోర్డు మీద గంధకం ఒకటి, ఆక్సిజన్ నాలుగు అని రాస్తుంటే సార్ నా పక్కనే ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, కానీ దవడ కింద ఒకచోట బ్లేడు తగలనే లేదు. అక్కడ వెంట్రుకలు చాలా రోజులవి. కోటు బొత్తాలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు. "విడగొట్టకు తల్లీ" అన్నాడు. గొంతులో ఎంత ఓపికో. ఆయన నా వైపు చూస్తున్నాడు గాని, కళ్ళు నా మీద ఆగడం లేదు. నాకు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. సుద్దపొడి వేళ్ళకి చల్లగా తగిలింది. వెళ్ళి కూర్చుని అదే సమీకరణం మళ్ళీ రాసుకున్నాను.

కొన్నాళ్ళకి అది మాకు అలవాటైపోయింది. కెమిస్ట్రీ గంట వస్తే ఒళ్ళు మొద్దుబారినట్టుండేది. ఆలోచించాల్సిన పని లేదు, భయపడాల్సిన పని లేదు. చలికి స్వెట్టర్ చేతులు వేళ్ళ మీదికి లాక్కుని, తెలిసిన మాటలే వింటూ కూర్చునేవాళ్ళం. కిటికీ బయట పొగ తెల్లగా కదిలేది. ఎన్డోలా స్టేషన్ దగ్గర నవ్వేవాళ్ళం.

బెనర్డ్‌కి మాత్రం అలవాటు కాలేదు. ఒకరోజు నీళ్ళ కుళాయి దగ్గర జెలిపానీ నన్నూ ఆపాడు.

"ఇంకెన్నాళ్ళే ఈ నాటకం? ఏడాది చివర పరీక్ష. వేడిచేస్తే నైట్రేట్ ఏమవుతుందో ఎవరికైనా తెలుసా? ఆమ్లాలు మొదలుపెట్టలేదు. లవణాలు లేవు."

"పుస్తకం ఉందిగా, చదువుకో" అంది జెలిపా.

"నేను చదువుకుంటాను. వెనక బెంచీవాళ్ళు? నువ్వు? నీకు నైట్రేట్ అంటే తెలుసా?"

"నైట్ రేటు. రాత్రి షిఫ్టుకిచ్చే కూలి."

"నవ్వు, నవ్వు. పరీక్ష హాల్లో కూడా ఇలాగే నవ్వు. నేను వెళ్ళి సియామే మేడమ్‌కి చెప్పేస్తా."

"చెప్పి?" అన్నాను నేను. "ఏం చేస్తుంది? సెలవు పెట్టించి ఇంటికి పంపిస్తుంది. ఆ ఇంట్లో ఆయన ఒక్కడే కూర్చోవాలి. ఇక్కడైతే కనీసం మనం ఉన్నాం."

బెనర్డ్ కుళాయి తిప్పి, తాగకుండా మళ్ళీ కట్టేశాడు. "మనం ఉన్నామని ఆయనకి తెలుసంటావా?" అన్నాడు.

వాడు చెప్పే అవసరం రాలేదు. ఆ వారంలోనే సియామే మేడమ్ పాఠం చూడ్డానికి తనంతట తనే వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. ఆ రోజు తప్పు చేసే వంతు వెనక బెంచీ అబ్బాయిది. చక్కగా చేశాడు. సార్ ఓపిగ్గా దిద్దాడు. ఆడమనిషి, పిల్లలు, ఎన్డోలా. మేం నవ్వాం. మేడమ్ అందరికంటే గట్టిగా నవ్వింది.

అంతా అయ్యాక లేచి మా ముందు నిలబడింది. "ఇంత స్పష్టంగా చెప్పిన పాఠం ఈ మధ్య నేను చూళ్ళేదు. ఆయన పడ్డ కష్టం మీకందరికీ తెలుసు. అయినా మీకోసం ఎలా నిలబడ్డారో చూడండి. చప్పట్లు కొట్టండి."

మేం చప్పట్లు కొట్టాం. సార్ "థాంక్స్ మేడమ్" అన్నాడు.

ఆవిడ వెళ్ళిపోయాక బెనర్డ్ నా చెవిలో, "అయిపోయింది. ఇక క్రిస్మస్ దాకా ఇదే పాఠం" అన్నాడు. హాస్యానికి అనలేదు.

ఆ సాయంత్రం జెలిపా, నేను కలిసి ఇంటికి బయల్దేరాం. మా వీధి మలుపులో ఆమె ఆగింది.

"మా అమ్మ కోటూ టోపీ వేసుకెళ్ళి కూడా ఓడిపోయింది. నావల్ల అవుతుందా?"

"ఏం చేద్దామని?"

"నేను న్గోని పిల్లని కదే. నీకు ఆ హక్కు లేదు. బెనర్డ్‌కి లేదు. మేడమ్‌కి లేదు. క్లాసు మొత్తంలో నాకొక్కదానికే ఉంది. ఆయన్ని అనాలంటే నేనే అనాలి."

"టీచర్ని అంటావా?"

"వరసకి టీచరేంటి, గవర్నరేంటి" అంది గాని, గొంతులో ధీమా లేదు.

మర్నాడు సార్ వచ్చాడు. పేరు రాశాడు, గీత గీశాడు. వంతున్నవాడు తప్పు చేశాడు. సార్ దిద్దాడు. "మా అమ్మ నన్ను ఎన్డోలా స్టేషన్లో మర్చిపోయింది. అప్పట్నించీ నేను విడి ఆక్సిజన్ని" అని ఆగాడు. జెలిపా నవ్వలేదు. ఆమె నవ్వకపోయేసరికి ఇంకెవరూ నవ్వలేదు. ఆమె లేచి నిలబడింది.

"సార్, ఆవిడ మిమ్మల్ని ఎన్డోలాలో ఎన్నిసార్లు మర్చిపోతుంది?"

సార్ ఆమె వైపు చూశాడు. "కూర్చో జేరె."

"ఒకసారైతే మర్చిపోయిందనుకుంటాం సార్. రోజూ మర్చిపోతే అది మర్చిపోవడం కాదు, వదిలించుకోవడం. నాకు తెలిసి మీ బెంబా పిల్లల్ని వదిలించుకోడానికి స్టేషన్ దాకా కూడా వెళ్ళక్కర్లేదు. కోతులున్న చెట్టు చూపిస్తే చాలు, కత్తీ ఉప్పూ పట్టుకుని వాళ్ళే పరిగెడతారు."

ఎవరో పెన్సిల్ కింద పడేసుకున్నారు.

"కూర్చోమన్నాను" అన్నాడు సార్. బోర్డు వైపు తిరిగాడు. "ఇటువైపు ఎన్ని కుటుంబాలు?"

"ఒకటి సార్. నిన్నా ఒకటే, మొన్నా ఒకటే. ఆ కుటుంబం కాళ్ళు లాగేస్తున్నాయి సార్. చలి మొదలైనప్పట్నించీ ఇల్లు మారుతూనే ఉంది, ఏ ఇంట్లోనూ దిగట్లేదు. మీ జాతికి నేర్పింది ఒక్క సమీకరణమేనా?" ఆమె కూర్చోలేదు. "ఎలుకలు తినే మాకే రెండు మూడు వచ్చు సార్."

సార్ చేతిలో సుద్దముక్క బోర్డుకి ఆనించే ఉంది. అది కదల్లేదు. చాలాసేపటికి ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఈసారి ఆయన కళ్ళు నా మీద ఆగాయి.

"లుషోమో. నిన్న ఈ పాఠం చెప్పానా?"

నేను లేచాను. "చెప్పారు సార్."

"మొన్న?"

"చెప్పారు సార్."

"అంతకుముందు?"

నేను తల ఊపాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాఠం చెప్పేటప్పుడు ఆయన కూర్చోవడం మేం ఎప్పుడూ చూళ్ళేదు. సుద్దముక్క బల్లమీద పెట్టి అది దొర్లిపోకుండా వేలితో ఆపాడు.

"మరి బోర్డు మీద చేసిన తప్పులు?"

"మేమే చేశాం సార్" అన్నాడు బెనర్డ్. "సరిగ్గా చేస్తే మీరు... మీకు పాఠం ముందుకెళ్ళేది కాదు. అందుకని వంతులేసుకున్నాం."

"అందరూనా?"

"అందరం సార్."

సార్ తల ఊపాడు. "బాగా చేశారు తప్పులు" అన్నాడు. మెచ్చుకోలూ లేదు, కోపమూ లేదు. తర్వాత, మమ్మల్ని కాకుండా ఆ సుద్దముక్కని ఉద్దేశించి చెప్తున్నట్టు మాట్లాడాడు.

"సాయంత్రం ఇంటికెళ్ళాక తను అడిగేది, ఇవాళ ఏం చెప్పావని. తను పిండి కలుపుతుంటే నేను స్టూలు మీద కూర్చుని పాఠమంతా మళ్ళీ చెప్పేవాణ్ణి. సగం అర్థమయ్యేది తనకి. కాదు, సగం కంటే ఎక్కువే. మొత్తం విని, సరే, అయితే రేపు ముందుకెళ్ళు అనేది. అప్పుడు పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్న కాగితం ముక్క తర్వాతి పాఠానికి జరిపేవాణ్ణి. పెళ్ళైనప్పట్నించీ అంతే." వేలు తీశాడు. సుద్దముక్క దొర్లి ఆగింది. "పొద్దున్నే పుస్తకం తెరుస్తాను. కాగితం ఎక్కడుంటే అదే ఇవాళ్టి పాఠం. నాకు ఇంకోలా తెలీదు."

జెలిపా ఇంకా నిలబడే ఉంది. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. సార్ తలెత్తి ఆమెని చూశాడు.

"ఎలుకలు తినేవాళ్ళ పిల్లా" అన్నాడు. గొంతులో ఎత్తుపల్లాలు లేవు, హాజరు పిలుస్తున్నట్టే ఉంది. "నోట్లోంచి తోక వేలాడుతోంది. ముందు అది మింగి, తర్వాత మాట్లాడు."

జెలిపా ఏడుస్తూనే నవ్వింది. మేం నవ్వలేదు. నవ్వొచ్చో లేదో తెలీలేదు. ఆయన కూడా నవ్వలేదు.

"ఇప్పుడు మనం ఎక్కడుండాలి?" అని అడిగాడు.

"లెడ్ నైట్రేట్‌ని వేడిచేయడం సార్" అన్నాడు బెనర్డ్, ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకున్నట్టు.

సార్ లేచి బోర్డు తుడిచాడు. పాఠం పేరు కూడా తుడిచేశాడు. లెడ్ నైట్రేట్ రాసి బాణం గీశాడు. బాణానికి అటువైపు లెడ్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ రాశాడు. "ఇక్కడ నైట్రేట్ వేడికి నిలవదు. ఒకటిగా వచ్చింది గాని ఒకటిగా వెళ్ళదు. కాబట్టి ఇక్కడ కుటుంబాలు లెక్కపెడితే కుదరదు. తలకాయలే లెక్కపెట్టాలి. నైట్రోజన్ వేరు, ఆక్సిజన్ వేరు." లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నైట్రోజన్ ఇటు రెండు, అటు రెండు చేశాడు. ఆక్సిజన్ ఇటు ఆరు. అటు అయిదే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ అయిదే. బోర్డు ముందు అలాగే నిలబడిపోయాడు. మేం ఎవరం చేసిన తప్పూ కాదది, ఆయనదే.

"విడి ఆక్సిజన్ వాయువు రాయలేదు సార్" అన్నాడు బెనర్డ్ మెల్లగా. "అది జంటగా వస్తుంది. అన్నీ రెట్టింపు చేయాలి."

"అవును" అన్నాడు సార్. రాశాడు. అన్నీ రెట్టింపు చేశాడు. లెక్క సరిపోయింది. గంట కొట్టారు.

మేం పుస్తకాలు సర్దుకుంటుంటే ఆయన నా బెంచీ దగ్గరికి వచ్చాడు. సుద్దముక్కల డబ్బా రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"మానిటర్. ఇవాళ ఏం చెప్పాను?"

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చెప్పాను. "లెడ్ నైట్రేట్ సార్. వేడిచేస్తే నైట్రేట్ విడిపోతుంది. అప్పుడు దేనికది లెక్కపెట్టాలి."

"సరే" అన్నాడు. చంకలో ఉన్న పుస్తకం తెరిచి, కాగితం ముక్క తీసి, తర్వాతి పాఠంలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పట్నించీ రోజూ అడిగేవాడు. నేను ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. ఆయన సరే అనేవాడు. అంతకుమించి ఇంకేమీ ఉండేది కాదు. ఆయన మళ్ళీ పాత మనిషి అయిపోయాడని చెప్పను. ఆ ఏడాది కోటు బొత్తాలు చాలాసార్లు తప్పుగానే ఉండేవి. కానీ పాఠాలు కదిలాయి. ఆమ్లాలు అయ్యాయి, లవణాలు అయ్యాయి. నాకు జ్వరమొచ్చి బడి మానేసిన రోజు జెలిపాని అడిగాడట. "ఏం చెప్పారని సార్, గంటసేపు గోడకి చెప్పారు" అందట ఆమె. ఆయన తలుపు దగ్గర అలాగే నిలబడ్డాడట. చివరికి ఆమె బెనర్డ్‌ని అడిగి తెలుసుకుని సరిగ్గా చెప్పేదాకా కదల్లేదట.

సియామే మేడమ్‌కి మేం ఏమీ చెప్పలేదు. ఆఖరి రెండు పాఠాలు మిగిలిపోయాయి. వాటిని బెనర్డ్ ఖాళీ గంటల్లో చదివి వినిపించాడు, వినేవాళ్ళు విన్నారు. పరీక్షలు రాశాం. ఫలితాలు కొత్త ఏడాదిలో వచ్చాయి. బెనర్డ్‌కి యూనివర్సిటీకి సరిపడా మార్కులొచ్చాయి. నేను పాసయ్యాను. జెలిపాకి కెమిస్ట్రీ పోయింది.

ఆ రోజే సార్ ఇల్లు ఖాళీ చేస్తున్నాడని తెలిసింది. ఉత్తరాన మ్పొరొకొసోకి బదిలీ అయిందట. జెలిపా, నేను వెళ్ళాం. ప్రిస్కా సామాన్లు చాలావరకు వాళ్ళ పుట్టింటివాళ్ళు అంతకుముందే తీసుకెళ్ళారు. గదిలో మంచం, రెండు కుర్చీలు, ఒక పెద్ద బల్ల, అట్టపెట్టెల్లో పుస్తకాలు. బయట చిన్న లారీ ఆగి ఉంది.

"ఎంతొచ్చింది?" అని అడిగాడు నన్ను. చెప్పాను.

"మంచిది. సంతోషంగా ఉందా?"

"తెలీట్లేదు సార్."

"అవును" అన్నాడు, అది సరైన జవాబే అన్నట్టు. జెలిపా వైపు తిరిగాడు. "నీది నా తప్పే."

"కాదు సార్, నేను చదవలేదు" అంది జెలిపా. "చదివితే వచ్చేదని కాదు గాని, అసలు చదవలేదు. పరీక్షకి మళ్ళీ కడతాను."

సార్ బల్ల ఒక చివర పట్టుకోమన్నాడు. డ్రైవర్ సాయానికి రాలేదు, లారీలో కూర్చుని రేడియో వింటున్నాడు. ముగ్గురం ఎత్తాం. తలుపు దగ్గర బల్ల కాళ్ళు అడ్డుపడ్డాయి. ముందుకు తోస్తే రాలేదు, వెనక్కి లాగితే రాలేదు. జెలిపా కిందికి వంగి చూసి, "పక్కకి పడుకోబెట్టండి సార్. ముందు ఆ రెండు కాళ్ళు బయటికి పంపి, తర్వాత తిప్పాలి" అంది. అలాగే చేశాం. గుమ్మానికి కొంచెం సున్నం రాలింది గాని బల్ల బయటికి వచ్చింది.

సార్ తలుపు తాళం వేసి, చెవి పక్కింటి ఆవిడకి ఇచ్చి, లారీ ముందు సీట్లో ఎక్కాడు. "వెళ్ళొస్తాను" అన్నాడు. మేం చేతులూపాం. లారీ మలుపు తిరిగేదాకా కూడా నిలబడలేదు. పొగ కిందికి దిగుతోంది, ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని నడక మొదలుపెట్టాం.

కొంత దూరం వెళ్ళాక జెలిపా, "ఆకలేస్తోందే" అంది.

"మా ఇంటికి రా. పొద్దుటి మొక్కజొన్న న్షిమా ముద్ద ఉంది" అన్నాను.